ఆరో రోజు నైవేద్యం

ఆ ఉదయం పుణ్యవతిగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. గిన్నెడు చక్కెర పొంగలి వండాలి, సాయంత్రం అపార్ట్‌మెంటు పచ్చికలో బతుకమ్మ ఆడే ఆడవాళ్ళకు తలా ఓ గరిటెడు పెట్టాలి, గిన్నె కడుక్కుని ఇంటికి రావాలి. ఇందులో తేడా రావడానికి ఏముంటుందని ఎవరికైనా అనిపిస్తుంది.

కొడుకు ఉదయ్ భాస్కర్ ఉద్యోగం మారినప్పుడల్లా ఆవిడ ఇల్లు మారుతూ వచ్చారు. మూసాపేటలో డాబా మీద కలిసి వడియాలు పెట్టుకున్న స్నేహం, ప్రగతి నగర్ చెరువు పక్కన కలిసి నడిచిన స్నేహం, రెండూ సామాన్ల లారీ వెనక చెయ్యి ఊపుతూ ఆగిపోయాయి. అందుకని పుప్పాలగూడ వచ్చేటప్పుడే ఇక్కడ ఎవరితోనూ కలవకూడదని నిశ్చయించుకున్నారు. కలిస్తేనే గదా విడిపోవడం!

ఆ నిశ్చయాన్ని నాలుగో రోజు బతుకమ్మ దగ్గర భాగ్యమ్మ చెడగొట్టింది. ఈ మేడలు లేచిన చోట ఒకప్పుడు జొన్న చేలు చేసిన ఇంటి మనిషి ఆమె. ఇప్పుడు మూడో అంతస్తులో ఉంటుంది. దూరంగా నిలబడి చూస్తున్న పుణ్యవతిగారి చెయ్యి పట్టుకుని, "కంబం లెక్క గట్ల నిలబడ్డవేంది వదినా, దా!" అని లాక్కుపోయి వలయంలో కలిపింది. 'వదినా' అన్న ఆ పిలుపు పుణ్యవతిగారిని ఆ రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

రోజుకో ఇంటి నుంచి నైవేద్యం వస్తుంది. ఐదో రోజు తేజస్విని అట్లు తెచ్చింది. తింటూ అందరూ ముందు రోజుల సంగతి మాట్లాడుకున్నారు. "ఎల్లుండి వేపకాయలు నేను జేస్త" అంది భాగ్యమ్మ. వేపకాయల ఆకారంలో చేసి వేయించే బియ్యప్పిండి వంటకం అది. ఆ మర్నాటి వెన్నముద్దలు ఇంకొకరు ఒప్పుకున్నారు. మరి రేపటి సంగతి ఎవరూ ఎత్తలేదు.

"మొహమాటం! కొత్త మనిషిని ఎలా అడగాలని ఊరుకున్నారు" అని ఇంటికొచ్చాక తేల్చారు పుణ్యవతిగారు.

"ఓసారి భాగ్యమ్మగారిని అడగండి అత్తయ్యా" అంది కోడలు కిరణ్మయి.

"అడిగి పెడితే అందులో ఏముందే! అడక్కుండా పెట్టాలి."

తీరా డబ్బా తెరిస్తే బియ్యం లేవు. తన రక్తపరీక్ష ఫలితం చూసిన నాడే ఉదయ్ భాస్కర్ బియ్యాన్నీ, పంచదారనీ, బెల్లాన్నీ ఇంట్లోంచి వెళ్ళగొట్టాడు. ఉన్నవి కొర్రలు. ఏం, పూర్వం కొర్రన్నం తినలేదా? పెసరపప్పుతో కలిపి పొయ్యి మీద పెట్టారు. బెల్లం కోసం కోడలు ఫోనులో చెబితే, కొట్లో ఆ బెల్లం అయిపోయిందని తాటిబెల్లం వచ్చింది. అది వేయగానే పొంగలి నల్లబడి, చారులా జారింది.

కిరణ్మయి పక్కగదిలో ఆఫీసు మీటింగులో ఉంది. పుణ్యవతిగారు తలుపు సందులోంచి గిన్నె చూపించారు.

"ఓ గ్లాసుడు రవ్వ పొయ్యండి!" అంది కిరణ్మయి, మైకు కట్టేశాననుకుని.

ల్యాప్‌టాప్‌లోంచి మేనేజరు ఓంకార్ గొంతు: "ఉప్మా రవ్వనా, ఇడ్లీ రవ్వనా కిరణ్మయీ?"

గ్లాసుడు రవ్వకి పొంగలి ఎంత బిగిసిందంటే, గరిటె నిలబెడితే నిలబడింది. సడలించడానికి పాలు పోశారు. పాలు విరిగాయి. విరుగుడు కనబడకుండా ఎండుకొబ్బరి తురిమారు. తీపి చాలలేదని ఇంకాస్త తాటిబెల్లం, అది మళ్ళీ జారిందని ఇంకాస్త రవ్వ. చిన్న గిన్నె పెద్ద గిన్నె అయింది, పెద్ద గిన్నె సత్యనారాయణ వ్రతానికి మాత్రమే దిగే ఇత్తడి గుండిగ అయింది. జీడిపప్పు లేక, కొడుకు ఆరోగ్యం కోసం కొన్న గుమ్మడి గింజలు నేతిలో వేయించి పైన చల్లారు. సాయంత్రానికి అత్తాకోడళ్ళు ఆ గుండిగను చెరో చెవి పట్టుకుని లిఫ్టులో కిందికి దించారు.

పచ్చిక మీద ఒక్కరూ లేరు. ఒక పువ్వు కూడా లేదు.

వాచ్‌మన్ ఎల్లేశం పరుగున వచ్చాడు. "ఇయ్యాల ఎవ్వరు రారమ్మా!"

"ఎందుకు రారు?"

జవాబు చెప్పబోయేంతలో గేటు దగ్గర కారు హారన్ మోగింది. అతను అటు పరిగెత్తాడు.

పుణ్యవతిగారు బెంచీ మీద కూలబడ్డారు. "నాకు తెలుసే. నిన్న తేజస్విని అట్లు తింటూ, 'మా గోదావరి వైపైతే ఇంకాస్త పల్చగా వేస్తామమ్మా' అన్నాను. ఆ పిల్ల మనసు కష్టపెట్టుకుంది. అందరూ కూడబలుక్కుని మానేశారు."

"అట్ల కోసం పండగ మానేస్తారా అత్తయ్యా!"

"స్నేహాలు అంతకంటే చిన్నవాటికే పోతాయి. నువ్వు క్షమాపణ చెప్పు. వాళ్ళొచ్చేదాకా నేనిక్కడి నుంచి లేవను."

కిరణ్మయి నిట్టూర్చి, ఆడవాళ్ళ గ్రూపులో రాసి పంపింది: 'నిన్నటి అట్ల విషయం దయచేసి మనసులో పెట్టుకోకండి. మా అత్తయ్య కింద బెంచీ దగ్గరే ఉన్నారు. లేవడం లేదు.'

రెండు లిఫ్టులూ ఒకేసారి తెరుచుకున్నాయి. ఒకామె చేతిలో బీపీ చూసే మెషీన్ ఉంది. ఇంకొకామె గ్లూకోజు నీళ్ళు తెచ్చింది. ఎవరో ఫోను చేసి చెప్పగా ఎల్లేశం ఆటోని పచ్చిక దాకా తోలించుకొచ్చాడు. "దవాఖానకు ఎవర్ని తీస్కపోవాలె?"

తేజస్విని అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చింది. మొహం పాలిపోయి ఉంది. "ఆంటీ! నా అట్లు పడలేదా? కడుపులో నొప్పా? పిండి పుల్లగైందని మా ఆయన అంటనే ఉన్నడు!"

"నీ అట్లు బ్రహ్మాండం తల్లీ! నేనే నోరు జారాను."

"ఎప్పుడు జారిన్రు?"

"పల్చగా వేస్తామని అన్నాను కదమ్మా!"

"నేను విననే లేదు ఆంటీ. అప్పుడు పాట పాడుతున్న."

ఒకామె అప్పటికే పుణ్యవతిగారి చేతికి బీపీ పట్టీ చుట్టేసింది. అంకె చూసి, "అమ్మో" అంది. ఇంతలో భాగ్యమ్మ అందర్నీ తప్పించుకుని ముందుకు వచ్చి, గుండిగ మూత ఎత్తి చూసింది.

"ఏంది వదినా గిది?"

"నైవేద్యం. ఇవాళ ఎవరూ తేవడం లేదని..." పుణ్యవతిగారు మూత మళ్ళీ పెట్టబోయారు. "మీరంతా నా మీద అలిగారని..."

భాగ్యమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వింది. "నీ మీద ఎందుకు అలుగుతమే? నీ పేరే మొన్న తెలిసె. ఇయ్యాల అలిగింది బతుకమ్మ. ఆరో దినం అమ్మ అలుగుతది. పూలు పేర్చం, ఆడం, నైవేద్యం పెట్టం. మా అమ్మమ్మల కాలం సంది గంతే. ఊరంతటికి తెలుసు, నీకే తెల్వది."

పుణ్యవతిగారికి నేల విచ్చుకుంటే బాగుండుననిపించింది. అమ్మవారికి ఏమీ పెట్టకూడని రోజున గుండిగెడు వండుకొచ్చారు! అందరూ భాగ్యమ్మ మొహం వైపు చూశారు. ఆమె గుండిగ మూత తీసి పక్కన పెట్టేసింది.

"అమ్మ అలిగింది గని మనం అలగలే గదా. ప్లేట్లు తేండ్రి."

గరిటె ఊడి రావడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది. తేజస్విని నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "జున్నా ఆంటీ?"

"బెల్లం రొట్టెల మలీద అయ్యుంటది" అంది బీపీ మెషీనామె.

"చక్కెర పొంగలి" అన్నారు పుణ్యవతిగారు.

"చక్కెరేది?"

"మా అబ్బాయి మాన్పించాడు."

"మరి బియ్యం?"

"అవీ మాన్పించాడు."

భాగ్యమ్మ రెండోసారి పెట్టించుకుంది. ఆటో అతను మీటరు కట్టేసి ప్లేటు పట్టాడు. ఎలా చేశారో చెప్పమని అడిగితే ఆవిడకే గుర్తు రాలేదు. ఏది లేక ఏది వేశారో, అది ఏం చేసిందని ఇంకేది వేశారో మీటింగు మధ్యలో తలుపు సందులోంచి చూసినంత మేరకు కిరణ్మయి చెప్పాల్సి వచ్చింది. గుండిగ అడుగు కనబడేసరికి దీపాలు వెలిగాయి.

వెళ్ళబోతూ భాగ్యమ్మ వేలు చూపించి చెప్పింది. "వచ్చే ఏడు సంది ఆరో దినం వంతు నీదే వదినా. జర యాదుంచుకో, ఏమీ తేవద్దు."

వచ్చే ఏడు! ఇన్ని ఇళ్ళు మారినా ఆ మాట ఆవిడతో ఎవరూ అనలేదు. ఇంటికొచ్చిన కొడుక్కి కొర్రన్నం పెడుతూ అన్నారు, "ఉద్యోగం మారితే మారు గాని ఇల్లు మార్చకు నాయనా. వచ్చే ఏడు నాకిక్కడ పనుంది."

మరుసటి ఏడు ఆరో రోజున పుణ్యవతిగారు మాట నిలబెట్టుకుని ఏమీ తేలేదు, కాస్త పులిహోర తప్ప.