కొండల్ పన్నుకు వేడి చేసింది

గురువారం పొద్దున కొండల్ వేసుకున్న లెక్క ఇది. తొమ్మిదింటికి శాలిబండ పళ్ళ డాక్టరు దగ్గర విరిగిన పన్ను కట్టించుకోవాలి. పదకొండింటికి లాల్‌దర్వాజాలో ఇంటికి చేరాలి. నాలుగింటికి బ్యాండు దుకాణంలో ప్రాక్టీసు. మర్నాడు సాయంత్రం ఐదింటికి గౌలిపురాలో బట్టల వ్యాపారి వైకుంఠం కొడుకు పెళ్ళి ఊరేగింపు, బరాత్. ఆ బరాత్‌లో కొండల్ మొదటిసారి ముందు వరుసలో నిలబడి క్లారినెట్ ఊదాలి.

అది 1988 మే నెల. పెళ్ళిళ్ళ సీజను మొదటి బరాత్‌లో ముందు నిలబడినవాడినే సీజనంతా ముందు నిలబెట్టడం బ్యాండు యజమాని కృష్ణయ్య పద్ధతి. ఆ చోటు కోసం కొండల్ తొమ్మిదేళ్ళు ఆగాడు. తీరా అది చేతికొచ్చిన వారంలో పోకవక్క కొరికితే పైవరుస ముందు పన్ను మూల విరిగింది. క్లారినెట్ మూతిని పై పళ్ళ మీదే ఆనించి పట్టుకోవాలి. పన్ను విరిగితే గాలి పక్కకు పోతుంది. పాట రాదు, ఈల వస్తుంది.

"శుక్రారం దాంక పన్ను కట్టిచ్చుకోని రా," అన్నాడు కృష్ణయ్య. "లేకుంటె ముందల అంజన్న నిలవడ్తడు. మల్ల నన్ను అనొద్దు."

అంజన్న రెండో క్లారినెట్. అతనికి కొండల్ మీద పగ లేదు. ముందు వరుస మీద ఇష్టం ఉంది, అంతే.

డాక్టరు సుదర్శనం తెనాలివాడు. శాలిబండలో క్లినిక్ తెరిచి ఎనిమిది నెలలయింది. పిస్తోలు ఆకారంలో ఉన్న కొత్త లైటు బొంబాయి నుంచి వచ్చి నెలయింది. దాని గురించి రోగులందరికీ వివరంగా చెప్పడం ఆయనకు సరదా.

"ముద్ద పెట్టి దీంతో నీలం వెలుతురు కొడతానండీ. ఇరవై సెకన్లలో రాయిలా గట్టిపడుతుంది. పన్నుకి కొంచెం వేడి చేస్తుంది."

గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్న కొండల్ భార్య కాశమ్మ తల ఎత్తింది. "వేడి జేస్తదా?"

"కొంచెమేనమ్మా. ఆపకుండా కొడితే లోపల నరం దాకా పోతుంది వేడి. అందుకే మూడు పొరలుగా పెడతాను. పొర పొరకీ ఆగి చల్లగాలి కొడతాను."

డాక్టరు చెప్పింది లైటు సంగతి. కాశమ్మ విన్నది ఒంటి సంగతి. రెంటికీ ఒకటే మాట కావడంతో ఇద్దరూ ఒకరికొకరు అర్థమయ్యామనుకున్నారు. వేడి చేస్తే ఏం చేయాలో కాశమ్మకు ఒకరు చెప్పనక్కరలేదు. పైగా డాక్టరే చల్లగాలి కొడుతున్నాడు. రోగమూ ఆయనే చెప్పాడు, మందూ ఆయనే చూపించాడు.

లైటు మూడుసార్లు కుయ్యిమంది. ప్రతిసారీ కొండల్‌కు పన్ను దగ్గర టీ గ్లాసు పెట్టినంత వెచ్చదనం తగిలింది, చల్లగాలికి పోయింది. అద్దంలో చూసుకుంటే పన్ను ఎక్కడ విరిగిందో అతనికే తెలియలేదు.

"రెండు రోజులు గట్టివి కొరక్కండి," అన్నాడు డాక్టరు. చల్లటివాటి సంగతి చెప్పడం ఆయనకు తోచలేదు.

పదకొండింటికి లెక్క ప్రకారమే ఇల్లు చేరారు. పదకొండుంబావుకు కాశమ్మ సబ్జా నీళ్ళలో ఐసు వేసి ఇచ్చింది. కొండల్ ఒక గుక్క తాగాడు. పన్ను జివ్వుమంది.

"అబ్బా!"

"ఏమైందయ్యా?"

"పన్ను గుంజుతుంది."

"సూసినవా? వేడి నరానికి తాకింది. డాక్టర్ సార్ చెప్పనే చెప్పిండు. గిలాస మొత్తం తాగు."

తాగాడు. మళ్ళీ జివ్వుమంది. వేడి ఇంకా తగ్గలేదని కాశమ్మ చల్ల ఇచ్చింది. చల్లకు మరింత జివ్వుమంది. బార్లీ నీళ్ళు, పుచ్చకాయ అయ్యాయి. కొండల్ తల్లి ఆగమ్మ వచ్చి కొడుకు మాడు మీద ఆముదం పెట్టి రుద్దింది.

"వీనిది సిన్నప్పటి సంది వేడి ఒళ్ళే," అంది ఆగమ్మ. "గిసుంటోని నోట్లె లైటు వెట్టుడేందే?"

"నాకేమెర్క అత్తా. బొంబాయి లైటంట."

"బొంబాయిల సముద్రమున్నది, ఆడ నడుస్తది. ఈడ నడుస్తదా?"

మందు పెరిగినకొద్దీ రోగం పెరిగింది. రోగం పెరిగినకొద్దీ మందు పెరిగింది. నాలుగింటి ప్రాక్టీసు సమయానికి కొండల్ తడి తువ్వాలు తలకు చుట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. కాశమ్మ ఐసు కోసం వీధి చివర షర్బత్ బండి సులేమాన్ దగ్గరకు నాలుగోసారి వెళ్ళింది. ఈసారి సులేమాన్ ఐసుగడ్డ తనే పట్టుకుని వచ్చాడు.

"అరె కొండల్ భాయ్, దాంత్ మే గర్మీ చఢ్ గయీ క్యా? బరఫ్ కో సీదా దాంత్ పే రఖో. దస్ మినట్."

కొండల్ ఐసును నేరుగా పన్ను మీద పెట్టుకున్నాడు. పది నిమిషాలు ఉంచమన్నారు, పది సెకన్లు ఉంచాడు. అతని కేక వీధి చివరికి వినపడింది.

పన్నుకు వేడెక్కిందని సులేమాన్ ఇంకెవరితోనో అన్నాడు. ఆ మాట బ్యాండు దుకాణానికి చేరేసరికి డాక్టరు కొండల్ నోట్లో కరెంటు పెట్టాడనీ, నరం కాలిందనీ అయింది. సాయంత్రం అంజన్న కొబ్బరిబోండాం పట్టుకుని పరామర్శకు వచ్చాడు.

"అన్నా, నిన్ను గిట్ల సూడలేకుంటున్న," అన్నాడు. "నువ్వు ఫికర్ జెయ్యకు. ముందల నేన్ నిలవడ్త తీ."

"ఎవడు నిలవడుమన్నడు నిన్ను?" అన్నాడు కొండల్. ఒక గుక్క తాగి నోరు మూసుకున్నాడు, బోండాం నీళ్ళకు కూడా పన్ను గుంజింది.

శుక్రవారం పొద్దుటికి కొండల్‌కు జలుబు చేసింది. పదింటికి కృష్ణయ్య స్వయంగా వచ్చాడు.

"ఏదీ, నోరు తెరువ్."

కొండల్ తెరిచాడు. నోట్లో అప్పుడే పెట్టిన ఐసుముక్క ఉంది. "అబ్బా" అని మూశాడు.

"నోరు తెరుస్తనే అబ్బా అంటివి. మూడు గంటలు ఏం ఊదుతవ్?" కృష్ణయ్య లేచాడు. "అంజన్నకు కోటు ఇస్త్రీ చేయించుకొమ్మని చెప్త. నువ్వు పండుకో."

ఆయన గడప దాటాక కొండల్ ఐసుముక్క వాకిట్లోకి ఉమ్మాడు. తలమీది తువ్వాలు తీసి మంచం మీద కొట్టాడు.

"తొమ్మిదేండ్లు ఎనుక నిలవడి ఊదిన. గీ పన్ను కోసం ఇంక తొమ్మిదేండ్లు నిలవడాల్నా? నడువ్, డాక్టర్ దగ్గరికే పోదం."

వాళ్ళు చేరేసరికి డాక్టరు పని మీద బయటికి వెళ్ళాడు, నాలుగింటికి గాని రాలేదు. వచ్చాక పన్ను తట్టి చూశాడు. ముద్ద కదల్లేదు.

"వేడివి ఏమైనా తాగారా?"

"వేడి దిక్కే సూడలే సార్," అంది కాశమ్మ. "నిన్నటి సంది సబ్జా, చల్ల, బార్లీ, కొబ్బరినీళ్ళు, బరఫ్. మస్తు చలువ జేసిన."

డాక్టరు పక్కనున్న ఇరానీ హోటలు నుంచి చాయ్ తెప్పించాడు.

"సాసర్లో పోసుకుని, గోరువెచ్చగా అయ్యాక తాగండి."

"చాయా? వేడి మీద వేడా?" కాశమ్మ లేచి నిలబడింది.

"అమ్మా, లైటు వేడి నిన్న ఆయన కుర్చీలోంచి లేవకముందే పోయింది. కొత్తగా కట్టిన పన్నుకి చల్లటివి తగిలితే జివ్వుమంటుంది. కొన్నాళ్ళకి సర్దుకుంటుంది."

"మరి నిన్నటి సంది గింత నొప్పి ఏంది సార్?"

"మీ మజ్జిగ."

కొండల్ చాయ్ తాగాడు. ఏమీ కాలేదు. భార్య వైపు చూడకుండా రెండో సాసరు పోసుకున్నాడు. ఆమెకు చెప్పాల్సిన మాటలు ఉన్నాయి గాని టైము లేదు. నాలుగున్నర అవుతోంది.

గౌలిపురాలో వైకుంఠం ఇంటి ముందు గుర్రం సిద్ధంగా ఉంది. అంజన్న ఇస్త్రీ కోటుతో ముందు వరుసలో నిలబడ్డాడు. కొండల్ క్లారినెట్ పట్టుకుని నేరుగా కృష్ణయ్య దగ్గరకు వెళ్ళాడు.

"ఊదుత, మాస్టర్."

"పొద్దుగాల నోరు తెరువరాలే. ఇప్పుడు ఊదుతవా?"

"ఒక్కసారి సూడు. అబ్బా అంటె ఎనుకకు పోత. సీజనంత ఎనుకనే ఉంట."

కృష్ణయ్య చేతిగడియారం చూశాడు. "ఊదు."

కొండల్ క్లారినెట్ మూతిని పన్ను మీద ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఒక రోజంతా ఐసులో నానిన పన్నుకు లోపలి నుంచి వచ్చిన ఊపిరి వెచ్చగా తగిలింది. గుంజలేదు. రెండో ఊపిరికి అతనికి పన్ను సంగతి గుర్తు లేదు. గుర్రం మీద పెళ్ళికొడుకు ఇటు తిరిగాడు. పూలవాడితో మాట్లాడుతున్న వైకుంఠం మాట ఆపాడు. డోలువాడు ఎవరూ చెప్పకుండానే అందుకున్నాడు.

కృష్ణయ్య అంజన్న వైపు చూశాడు. అంజన్న అప్పటికే రెండడుగులు వెనక్కి వేశాడు. బరాత్ కదిలింది. కొండల్ ముందు నడిచాడు.

చౌరస్తాలో బరాత్ ఆగినప్పుడు, బ్యాండు వెంట వచ్చిన కాశమ్మను అంజన్న అడిగాడు. "వదినే, అన్నకు గింత దమ్ము యాడికెల్లి వచ్చింది? నిన్నటిదాంక మంచంల ఉండె గద."

కాశమ్మ డాక్టరు మాటను దారి పొడుగునా ఆలోచించింది. నొప్పికి కారణం తన చల్ల అని ఆయన అన్నాడు. ఆయన చదువుకున్నవాడే గాని వంట చేసినవాడు కాడు.

"లైటు వేడి తమ్మీ," అంది. "పన్నుల కెల్లి లోపలికి దిగింది. గిప్పుడు పాటల కెల్లి బయటికి వస్తుంది. నేన్ చలువ జేసి ఆపిన గాని, లేకుంటె ఇంకెంత ఊదునో!"

డోలువాడు విన్నాడు. వెనక బాకావాళ్ళు విన్నారు.

శనివారం తొమ్మిదింటికి డాక్టరు సుదర్శనం క్లినిక్ తలుపు తీసేసరికి మెట్ల మీద బ్యాండువాళ్ళు పదకొండు మంది కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరి నోరూ తెరిపించి చూడడానికి ఆయనకు మధ్యాహ్నం అయింది. ఎవరికీ పన్ను నొప్పి లేదు.