మరిగిన నూనెకు మరణం లేదు

మళ్లీ మళ్లీ మరిగించిన నూనె ఆరోగ్యానికి చేటు అనేవాళ్లను నేరేడ్‌మెట్ పొలిమేరల్లోకి రానివ్వకూడదని నా అభిప్రాయం. ఆ నూనె ఒక వరం! కాదనేవాళ్లు ముందు మా వీధి చివర పర్వతాలు అనే అతని బండి మీద మిర్చిబజ్జీ తిని, అప్పుడు మాట్లాడండి.

నా మేనల్లుడు వాసు ఈ మాట ఒప్పుకోడు. తోటివాళ్లంతా జావా నేర్చుకుని ఏసీ ఆఫీసుల్లో కూర్చుంటే, వీడు ఎంటెక్ పేరుతో పల్లీ తొక్కలు కాలుస్తున్నాడు. ఆ బొగ్గుపొడిని క్యాటలిస్టుగా కలిపి, వాడేసిన వంటనూనెను డీజిల్‌గా మారుస్తాడట. నవ్వకండి! సోమవారం డెమో. ఇంజిన్ తిరిగితే డిగ్రీ, తిరక్కపోతే ఏడాది గోవిందా!

తొక్కలకేం కొదవ? రైల్వే స్టేషన్ ముందు చీపురేస్తే బస్తాడు. కావలసిందల్లా పది లీటర్ల వాడేసిన నూనె.

అక్కడే వచ్చింది తంటా. మన సికింద్రాబాదులో వాడేసిన నూనె ఎక్కడుందండీ? పెద్ద హోటల్లో పూరీలు వేగిన నూనె చిన్న హోటల్‌కు వెళ్తుంది. అక్కడ సమోసాలు వేగాక బండికి చేరుతుంది. అంతెందుకు, వాసు తల్లి, మా చెల్లెలు కుమారి, అప్పడాలు వేయించిన నూనె కన్నకొడుక్కే చెంచాడు ఇవ్వలేదు. "పారబోస్తావేంట్రా? తాలింపులకి నెల్లాళ్లొస్తాది!" అంది.

వాసు బజ్జీల బండి పర్వతాలుని అడిగాడు.

"వాడేసిన నూనె ఏందీ సార్?" అని అతను పరేషానయ్యాడు. "మా నాయన పెట్టిన మూకుడు ఇది. తగ్గినప్పుడల్లా పైన పోసుడే గానీ తీసుడు లేదు."

చివరికి వాసు కొత్త మూకుడు, పది ప్యాకెట్ల తాజా నూనె కొనిచ్చాడు. రెండ్రోజులు వేయించుకుని నూనె తిరిగి ఇచ్చేయాలని ఒప్పందం. మొదటిరోజే జనం గోలపెట్టారు. "ఏందన్నా, జరమొచ్చినోళ్లకు చేసినట్టుంది!" నేనూ సగంలోనే వదిలేశాను. రెండోరోజుకు రంగు తిరిగింది. ఆదివారం సాయంత్రం వాసు క్యానుతో వచ్చాడు.

పర్వతాలు మూకుడికి అడ్డం నిలబడ్డాడు. "గిప్పుడే జెర రుచి పట్టింది సార్! గిప్పుడు తీస్కపోతే ఎట్ల?"

"మావయ్యా, నువ్వైనా చెప్పు!" అన్నాడు వాసు ఏడుపు గొంతుతో.

నేనేం చెప్పను? అప్పటికే నా చేతిలో రెండో ప్లేటుంది. "తాజా నూనెతోనే కానిచ్చేయరా, ఇంజినుకేం తెలుస్తుంది?" అన్నాను.

డెమో బ్రహ్మాండం! వాడేసిన నూనె ఊళ్లో ఎక్కడా దొరకలేదని వాసు చెబితే గైడుగారు వెంటనే నమ్మారట. ఆయనదీ సికింద్రాబాదే. కొట్లో అప్పుడే కొన్న నూనెతో చేసిన డీజిల్ తాగి ఇంజిన్ దగ్గు లేకుండా, ఆయాసం లేకుండా గంటసేపు నడిచిందట. వాసు గట్టెక్కాడు.

ఈ శుభవార్త నాకు ఆసుపత్రి మంచం మీద, సెలైన్ ఎక్కుతుండగా తెలిసింది. నూనె వరమన్న మాట వెనక్కి తీసుకోను. కానీ దేవుడా, మరుజన్మంటూ ఉంటే నన్ను ఏదైనా కాలేజీ ల్యాబులో ఇంజినుగా పుట్టించు!