ఫోన్ మోగితే నెట్ పోవాలి!

కార్డ్‌లెస్ ఫోన్ మోగినప్పుడల్లా బ్రాడ్‌బ్యాండ్ చచ్చిపోయే ఇల్లే ఇల్లు! తక్కినవన్నీ వట్టి గోడలు. ఈ భాగ్యానికి నోచుకోనివాళ్ళు నన్ను చూసి కుళ్ళుకోవచ్చు, నాకేమీ అభ్యంతరం లేదు.

మా హాల్లో టీవీ పక్కన చెక్క అర మీద రౌటర్ ఉంటుంది. దాన్ని ఒరుసుకుని మా అత్తగారి కార్డ్‌లెస్ ఫోన్ దిమ్మ. ఆవిడ ఫోనెత్తి "హలో" అనగానే ఇంటర్నెట్ చేతులు కట్టుకుని నిలబడుతుంది. సినిమాలో హీరో ఎత్తిన పిడికిలి గాల్లోనే ఆగిపోతుంది. అవతల అత్తగారి చెల్లెలు తన మోకాళ్ళ నొప్పుల పురాణం ముగించేదాకా విలన్‌కు దెబ్బ తగలదు. అహింసను ఇంతకన్నా గొప్పగా ఎవరు ప్రచారం చేయగలరు, చెప్పండి!

ఇక నా ఆఫీసు మీటింగులు! మా మేనేజర్ "ఈ నెల టార్గెట్..." అనబోతుండగా ఫోన్ మోగింది. ఆయన తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఆయన్ని అంత శ్రద్ధగా నేనెన్నడూ చూడలేదు. వెనక పళ్ళలో రెండింటికి సిమెంటు పెట్టించుకున్నారు, పాపం.

ఇంతటి వరాన్ని కాలదన్నుకోవాలని చూసింది మా ఆవిడ ఒక్కతే. వాళ్ళమ్మకు ఆపరేషనైనప్పుడు మానేసిన అకౌంట్స్ ఉద్యోగం కోసం మళ్ళీ తిరగని చోటు లేదు. చివరికి ఒకే ఒక్క ఆఫీసు వీడియో ఇంటర్వ్యూకి పిలిచింది. "మధ్యలో నెట్ పోతే నా గతేంటండీ? ముందు ఆ నెట్ కంపెనీవాళ్ళకి చెప్పండి," అంది.

చెప్పాను. కస్టమర్ కేర్‌కు మా రిజిస్టర్డ్ నంబర్ నుంచే ఫోన్ చేయాలట. అంటే ఆ కార్డ్‌లెస్ నుంచే! "నెట్ పోయిందమ్మా," అన్నాను. "ఒకసారి ఫోన్ పెట్టేసి చూడండి సార్," అంది అవతలి అమ్మాయి. పెట్టేశాను. వచ్చింది! మళ్ళీ చేశాను. పోయింది!

"ఫోనెత్తితేనే పోతోందమ్మా!"

"ఫోన్‌కీ నెట్‌కీ ఏ సంబంధమూ లేదు సార్."

ఎంత నమ్మకంగా చెప్పిందంటే, నా కళ్ళ మీద నాకే అనుమానమొచ్చింది.

తర్వాత వచ్చిన టెక్నీషియన్ మరీ మహానుభావుడు. పాతదానికన్నా ఎక్కువ కొమ్ములున్న కొత్త రౌటర్ తెచ్చాడు. కిటికీ దగ్గర పెట్టవయ్యా అంటే ససేమిరా అన్నాడు. "ఫోనూ రౌటరూ రెండూ ఒకే ఫొటోలో పడాలి సార్. లేకపోతే మా యాప్‌లో పని అయినట్టు తీసుకోదు." రెండింటినీ ఇంకాస్త దగ్గరికి జరిపి, వైర్లన్నీ కలిపి ప్లాస్టిక్ ట్యాగ్‌తో బిగించి, ముచ్చటగా ఫొటో తీసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చాడు. "కదిపితే వారంటీ పోతుంది. ఫోన్ ప్లగ్గు కూడా పీకకండి. మా ఆఫీసు నుంచి కాల్ వస్తుంది, ఎత్తకపోతే మీ కంప్లైంట్ క్యాన్సిల్!"

ఫొటోలో బాగా పడటం కోసమే రౌటర్లు పుట్టాయన్న జ్ఞానం నాకు ఆ రోజే కలిగింది.

ఇంటర్వ్యూ రోజు వచ్చింది. "అల్లుడుగారూ, ఇవాళ ఎవరేమైనా సరే, నేను ఫోన్ ముట్టను," అని అత్తగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. చెల్లెలికి కూడా ముందే గట్టిగా చెప్పి ఉంచారు. నేను తలుపు దగ్గర నిలబడి చెవి ఒగ్గాను. మా ఆవిడ తడుముకోకుండా జవాబులిస్తోంది. అవతలివాళ్ళు నవ్వుతున్నారు. "మీరు ఎప్పటి నుంచి చేరగలరు?" అన్న మాట వినపడింది. నా గుండె ఉప్పొంగింది.

ఫోన్ మోగింది.

ఒక్క గంతులో వెళ్ళి ఎత్తాను. "నమస్కారం సార్! మీ నెట్ సమస్య పరిష్కారమైంది కదా? మా సేవలకు ఎన్ని స్టార్లు ఇస్తారు?"

నెట్ తిరిగొచ్చేసరికి అవతలివాళ్ళు వెళ్ళిపోయారు. మళ్ళీ పిలవలేదు.

పాఠకులారా, నా ఒళ్ళు మండిపోతున్నా ఆ రెండు పెట్టెల్నీ నేను పల్లెత్తు మాట అనను. వాటికేం తెలుసు? పక్కపక్కన పెడితే కొట్టుకుంటాయి, దూరంగా పెడితే ఊరుకుంటాయి. ఆ సాయంత్రం మా ఆవిడ ట్యాగ్ తెంచి, ఫోన్ దిమ్మను వాళ్ళమ్మ గదిలో పెట్టింది. అప్పటినుంచి అత్తగారు మాట్లాడుతున్నా హీరో గుద్దుతూనే ఉన్నాడు. వారంటీ పోతే పోయింది! "రెండింటినీ కాస్త దూరంగా పెట్టుకోండి" అన్న ఒక్క ముక్క చెప్పడానికి అంత పెద్ద కంపెనీలో ఒక్క మనిషి లేకపోయాడు. స్టార్లు అడగడానికి మాత్రం కొదవలేదు.

స్టార్ల సంగతేమైందంటారా? ఆ రోజు స్టార్లడిగిన అమ్మాయి ఇంకా లైన్‌లో ఉండగానే, గదిలోంచి వచ్చిన మా ఆవిడ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. గొంతు కూడా పెంచలేదు.

"ఐదూ వేసుకోమ్మా. నా సమస్య తీరిపోయింది. ఇంక నాకు మీ నెట్‌తో పని లేదు."

"థాంక్యూ మేడమ్!" అంది ఆ అమ్మాయి, ఎంతో సంతోషంగా.