పెద్దల్లుడి మఖ్మల్ కోటు

ఆదివారం పొద్దున ప్రార్థన అయిపోయాక డేవిడ్‌కు ఉన్న పని ఒక్కటే. బజారుకు పోయి కొత్త సూటు కొనుక్కోవాలి. ఆ పని అతను పెట్టుకున్నది కాదు, అతని భార్య మల్లిక పెట్టింది. బుధవారం మక్తల్‌లో ఆమె చెల్లెలు రూతు పెళ్లి. మల్లిక ముందుగానే పుట్టింటికి బయల్దేరుతూ, నల్గొండ బస్టాండులో బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి చివరిసారి హెచ్చరించింది.

"ఇప్పటిదాంక మా బాపుకు నువ్వొక్కనివే అల్లునివి. ఏం తొడిగినా నడిచింది. ఇగ ఇంకొకాయన వస్తుండు. సాఫ్ట్‌వేరు. ఇద్దరు పక్కపక్కన నిలబడితే పెద్దల్లుడెవరో చూడంగనే తెల్వాలె. గా పాత బట్టల గుట్టల దిక్కు పోయినవో, మల్ల నన్ను అనొద్దు!"

"నేనెందుకు పోత?" అన్నాడు డేవిడ్. బస్సు మలుపు తిరగగానే గుట్టల దిక్కే పోయాడు.

నిజానికి డేవిడ్ మంచివాడు. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. తాగడు, పేకాడడు, ఆదివారం ప్రార్థన ఎగ్గొట్టడు. ఉన్న వ్యసనమల్లా పాత బట్టలే. ప్రార్థన అయిపోగానే గడియార స్తంభం వెనక సందులోకి పోతాడు. అక్కడ అహ్మద్ అలీ తాటిపత్రి పరిచి బట్టలు గుట్టగా పోసి ఉంటాడు. ఆ గుట్టలో మోచేతుల దాకా చేతులు పెట్టి కెలుకుతుంటే డేవిడ్‌కు లోకం గుర్తుండదు. కొత్త బట్టల దుకాణంలో ఏముంటుంది? అడిగింది తీసి చూపిస్తారు. ఇక్కడ అడగడానికి ఉండదు, వెతుక్కోవాలి. ఎవరిదో చిరిగిన లాగు వస్తుంది, గుండీలు లేని నైటీ వస్తుంది, విసుగు కూడా వస్తుంది. అంతలో వేళ్లకు మెత్తగా ఒక మంచి నూలు చొక్కా తగులుతుంది. లాగితే రాదు. గుట్టకు అవతల ఇంకెవరో దాని రెండో చేయి పట్టుకొని ఉంటారు. ఆ గుంజులాటలో గెలిచి ఇంటికి తెచ్చుకున్న చొక్కా ముందు ఏ కొత్త చొక్కా అయినా దిగదుడుపే. పైగా కొత్త బట్ట మొండిది, చెప్పినట్టు వినదు. పాత బట్ట అప్పటికే ఎవరి దగ్గరో ఉతుకులు తిని బుద్ధి తెచ్చుకొని ఉంటుంది.

ఆ రోజు అహ్మద్ అలీ అతన్ని గుట్ట దాకా రానివ్వలేదు.

"డేవిడ్ సాబ్, జర ఆగుండ్రి. గీ మాల్ గుట్టల పొయ్యలే. మీకోసం పక్కకు పెట్టిన" అంటూ తాను కూర్చున్న మూట కింది నుంచి ఒక కోటు తీశాడు.

మెరూన్ రంగు మఖ్మల్. భుజాల మీద బంగారు జరీ తాళ్లు. మెడ దాకా వరసగా ఇత్తడి గుండీలు. డేవిడ్‌కు దాన్ని అందుకునేందుకు రెండు చేతులూ చాలలేదు. కాలరు తిప్పి చూస్తే కొల్లాపూర్ టైలరు పేరు కుట్టి ఉంది.

"కొల్లాపూర్‌దా? అంటే సంస్థానందా ఏంది?"

గిరాకీ మాటకు ఎదురు చెప్పే అలవాటు అహ్మద్ అలీకి పుట్టుకతోనే లేదు. "మీకు తెల్వందేముంది సాబ్" అన్నాడు.

అంతే. అహ్మద్ అలీ రాజా పేరెత్తలేదు, కోట పేరెత్తలేదు. మిగతా చరిత్రంతా డేవిడే రాసుకున్నాడు. ఆగి ఉన్న ఆటో అద్దంలో చూసుకుంటే తన ముఖంలో కూడా ఏదో జమీందారీ కళ కనిపించింది. అక్కడి నుంచే మల్లికకు ఫోన్ చేశాడు.

"దొరికింది. గిసుంటి కోటు మక్తల్ మొత్తంల ఇంకెవ్వని దగ్గర ఉండది!"

అతని ఆరాటంలో అర్థం లేకపోలేదు. మామ ఇస్రాయేలు రిటైరైన హెడ్మాస్టరు. పొగడ్త ఆయన నోటి నుంచి రావడం కష్టం. పెద్దల్లుడు ఎట్లా ఉంటాడని ఎవరైనా అడిగితే "ఉన్నడు" అని ఊరుకునేవాడు. అట్లాంటి ఇంట్లో డేవిడ్‌కు దక్కే గౌరవం ఒకటే మిగిలింది. మగపెళ్లివారిని ఎదురేగి పిలుచుకొచ్చే ఎదురుకోళ్లప్పుడు ఆ ఇంటి పెద్దల్లుడు చెయ్యి అందిస్తేనే కొత్త పెళ్లికొడుకు కారు దిగాలి. తాతల నాటి పద్ధతి అది. నలుగురూ చూస్తుండగా ఆ చెయ్యి తాను అందించాలి, మామ చూసి కనీసం రెండు మాటలనాలి. డేవిడ్ కోరికంతా అదే.

బుధవారం ఎండ మండిపోతోంది. గుండీలు మెడ దాకా ఉన్నాయి కదా, లోపల ఏముంటే ఎవరికి తెలుస్తుందని డేవిడ్ బనీను మీదే కోటు తొడిగాడు. మహబూబ్‌నగర్‌లో బస్సు మారి మక్తల్‌లో దిగేసరికి, గుబురు మీసాల మనిషి ఒకడు అతని దిక్కు పరుగెత్తుకొచ్చాడు.

ఆయన పేరు అబూబకర్. కొల్లాపూర్ బ్యాండ్ మాస్టరు. పెళ్లికి ఇస్రాయేలు మాట్లాడింది ఆయన బ్యాండునే. పెద్ద బూర ఊదేవాడికి జ్వరం వస్తే, నల్గొండలో ఉండే నాగేందర్ అనే అతన్ని ఫోన్‌లో కుదుర్చుకున్నాడు. నాగేందర్ మేనమామ ఒకప్పుడు ఇదే బ్యాండులో ఊదిన మనిషి. "మామ కోటు ఇంట్లనే ఉంది, తొడుక్కొని వస్త" అని నాగేందర్ చెప్పాడు. అబూబకర్ అతని ముఖం ఎన్నడూ చూడలేదు. కోటును బట్టి పోల్చుకోవచ్చనుకున్నాడు, పోల్చుకున్నాడు కూడా.

"నల్గొండ నుంచేనా?"

"అవును."

"ఇస్రాయేలు సారు ఇంట్ల పెండ్లికే గదా?"

"అవును."

"యా అల్లా! బతికిచ్చినవ్ అన్నా. పొద్దుగాల నుంచి నీ తొవ్వ చూస్తున్నం. నువ్వు లేకుంటే ఎదురుకోళ్లు ఎట్ల నడుస్తయ్?"

డేవిడ్ గుండె ఉప్పొంగింది. మామ తన కోసం మనిషిని పంపాడు! ఆటోలో ముందు సీటు కూడా ఇచ్చారు. దారిలో అబూబకర్ అతని ఛాతీ వంక చూస్తూ, "ఊపిరి మంచిగున్నదా అన్నా?" అని అడిగాడు.

"మంచిగనే ఉంది, దేవుని దయ."

"గదే కావాలె. పొద్దూకేదాంక ఆగొద్దు మరి."

ఈ వైపు క్షేమం అడిగే పద్ధతి ఇట్లా కూడా ఉంటుంది కాబోలనుకున్నాడు డేవిడ్.

ఆటో ఫంక్షన్ హాలు వెనక, వంటల దగ్గర ఆగింది. అక్కడ బనీన్లతో కూర్చున్న మనుషులు అతనికి జాగా ఇచ్చి, వేడి వేడి మిరపకాయ బజ్జీలు పెట్టారు. పెద్దల్లుడికి అందరికన్నా ముందు వడ్డిస్తున్నారని డేవిడ్ తృప్తిగా తిన్నాడు. అతను చివరి బజ్జీ నములుతుండగా వాళ్లు మూటలు విప్పి కోట్లు తొడుక్కున్నారు. అన్నీ మెరూన్ మఖ్మల్ కోట్లే. అందరి భుజాల మీదా జరీ తాళ్లు.

డేవిడ్‌కు ముందు వచ్చింది కోపం. రాజావారి బట్టలు ఇంతమందికి ఎట్లా దొరికాయని! ఆ తర్వాత గోడకు ఆనించిన డ్రమ్ములు కనిపించాయి. నోట్లో బజ్జీ నోట్లోనే ఉండిపోయింది.

అతను మింగేలోపే అబూబకర్ వచ్చి అతని తల మీదుగా పెద్ద బూర దించాడు. అది నడుము చుట్టూ తిరిగి, భుజం మీదికెక్కి, నెత్తి పైన బట్టలుతికే గంగాళమంత మూతితో విచ్చుకునే రకం.

"అన్నా, అన్నా! నేను అల్లున్ని!"

"అందరం ఎవలో ఒకలకు అల్లుళ్లమే. టోపీ పెట్టు."

డేవిడ్ ఇంకో మాట అనబోయాడు. సరిగ్గా అప్పుడే ఇస్రాయేలు కేకలేసుకుంటూ వచ్చాడు. "ఏమయ్యా బ్యాండోళ్లు! కార్లు వచ్చినయ్, ఇంక తింటనే ఉన్నరా?"

మామను చూడగానే డేవిడ్ టోపీ కళ్ల మీదికి లాక్కొని, బూర పీకకు నోరానించి ముఖం దాచుకున్నాడు. ఈ అవతారంలో కనబడితే బతుకంతా "ఉన్నడు" కూడా దక్కదు. కోటు విప్పుదామా అంటే లోపల బనీను. సందు మలుపులో బూర పడేసి మల్లిక దగ్గరికి ఉరుకుదామనుకున్నాడు. కానీ బ్యాండు కదిలింది. ముందు క్లారినెట్లు, వెనక డ్రమ్ములు, నడుమ డేవిడ్.

"ఊదు!" అని అబూబకర్ మోచేత్తో పొడిచాడు.

ఊదాడు. దూడ తప్పిపోయిన బర్రె అరిచినట్టు ఒక శబ్దం వచ్చింది. అబూబకర్ నెత్తి పట్టుకున్నాడు. చిందులేస్తున్న పోరగాళ్లకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. "ఓ బూరన్నా! మల్లొక్కసారి!" అని చుట్టూ మూగారు. ఇక అతనికి పక్కకు తప్పుకునే సందు లేకుండా పోయింది.

పెళ్లివారి కార్లు రోడ్డు మీద ఆగి ఉన్నాయి. ముందు కారులో కొత్త పెళ్లికొడుకు కొత్త సూటుతో, మెడలో పూలదండతో సిద్ధంగా కూర్చున్నాడు. ఇస్రాయేలు అటూ ఇటూ చూశాడు.

"పెద్దల్లుడేడి?"

చుట్టాలంతా ఒకరి వెనక ఒకరు వెతికారు.

"ఆయన వచ్చి చెయ్యి ఇచ్చేదాంక పిలగాడు దిగొద్దు. ఆయన వచ్చేదాంక బ్యాండు ఆపొద్దు!" అని ఇస్రాయేలు ఆర్డరేశాడు.

అబూబకర్ తన మనుషుల దిక్కు తిరిగి, "బ్యాండు ఆగేదాంక ఒక్కడు కదలొద్దు!" అన్నాడు.

చిక్కుముడి అట్లా పడింది. పెద్దల్లుడు వస్తే గాని బ్యాండు ఆగదు. బ్యాండు ఆగితే గాని పెద్దల్లుడు రాలేడు. డేవిడ్ చెమటలు కారుతూ ఊదుతూనే ఉన్నాడు. డీజిల్ దండగని డ్రైవరు ఏసీ బంద్ చేయడంతో కారులో పెళ్లికొడుకు కూడా ఉడికిపోతున్నాడు. డేవిడ్ కోటు జేబులో ఫోన్ మోగింది. మల్లిక! ఆమె కారు పక్కనే నిలబడి ఫోన్ చేస్తోంది. డేవిడ్ బూర చాటున ఫోన్ చెవికి ఆనించుకున్నాడు.

"యాడున్నవ్?"

"దగ్గరలనే ఉన్న."

"దగ్గరల అంటే యాడ? బాపు అగ్గి మీద గుగ్గిలమైతుండు!"

"నాకు కనబడుతనే ఉండు." అంతలో అబూబకర్ పొడవడంతో డేవిడ్ ఒకసారి ఊదాడు.

"మరి నువ్వెందుకు కనబడవ్? ఆ బర్రె అరిచినట్టు సప్పుడేంది నీ దిక్కు? ఈడ కూడ గట్లనే అరుస్తాంది!"

డేవిడ్ ఫోన్ పెట్టేశాడు.

అప్పుడే పెళ్లికొడుకు వాళ్ల రెండో కారులోంచి ఎవరో అరిచారు. "నల్గొండాయన మా కారులనే ఉండు!" తలుపు తెరుచుకుంది. చక్కటి నల్లకోటు వేసుకున్న మనిషి మొహమాటంగా దిగాడు. అతనే అసలు నాగేందర్. మేనమామ కోటును అతని భార్య ఎప్పుడో పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమెకు వేసి బకెట్ తీసుకుంది. వేరే దారి లేక తన పెళ్లినాటి కోటు తొడుక్కొచ్చాడు. బస్టాండులో పెళ్లికొడుకు తరఫువాళ్లను దారి అడిగితే, నల్గొండ నుంచి ఇస్రాయేలు ఇంటికి కోటుతో వచ్చినవాడు పెద్దల్లుడు కాక ఇంకెవరవుతాడని వాళ్లు ఏసీ కారెక్కించి, కూల్‌డ్రింకు తాగించారు. బ్యాండువాళ్లకు మంచిరోజులొచ్చాయని నాగేందర్ సంతోషించాడు.

మల్లిక నాయనమ్మ ఈదమ్మకు చూపు ఆనదు. ఆయన కాదని మల్లిక చెప్పేలోపే ఆమె ముందుకొచ్చి నాగేందర్ చెంపలు నిమిరింది. "వచ్చినవా బిడ్డా! నల్గొండ నీళ్లు మంచిగ పడ్డయి, తెల్లగైనవ్" అంటూ అతన్ని కారు దగ్గరికి లాక్కుపోయింది. ఉక్కతో ప్రాణం పోతున్న పెళ్లికొడుకు, కనబడిన మనిషి దిక్కు చెయ్యి చాపాడు. నాగేందర్ మర్యాదకు చెయ్యి ముందుకు పెట్టాడు.

డేవిడ్ కళ్ల ముందే అతని చెయ్యి స్థానంలో ఇంకొకడి చెయ్యి! ఇక సిగ్గేమిటి, బనీనేమిటి? "ఆగుండ్రి!" అని గుండెలు పగిలేటట్టు అరిచాడు. కానీ నోరు బూర పీకకే ఉంది. ఆ అరుపు నెత్తి మీది గంగాళంలోంచి బయటికొచ్చేసరికి బజారంతా అదిరిపోయింది. డ్రమ్ములు ఆగాయి. చిందులు ఆగాయి. నాగేందర్ చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. డేవిడ్ టోపీ ఎగిరి కింద పడింది.

"పెద్దల్లున్ని నేను!"

అందరూ చూశారు. మల్లిక బ్యాండు మొత్తాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి దగ్గరికొచ్చి, "గిసుంటి కోటు ఎవ్వని దగ్గర ఉండదంటివి గదా" అంది మెల్లగా.

డేవిడ్ బూర విప్పబోయాడు. జరీ తాళ్లు బూర గొట్టాలకు చిక్కుకున్నాయి, ఎంత గుంజినా రాలేదు. చేసేదేమీ లేక బూరతోనే కారు దగ్గరికి నడిచి, గొట్టాల నడుమ నుంచి చెయ్యి బయటపెట్టాడు. పెళ్లికొడుకు ఆ చెయ్యి రెండు చేతులా పట్టుకొని బయటపడ్డాడు. ఇస్రాయేలు ముఖం కందగడ్డలా ఉంది. డేవిడ్ తల వంచుకుంటే బూర మూతి ఆయన ముక్కుకు తగలబోయింది.

పెళ్లికొడుకు తండ్రి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"బావా, ఎన్నో పెండ్లిళ్లు చూసిన. ఇంటి పెద్దల్లుడే బ్యాండు కోటు తొడిగి, ఎండల నిలబడి, మా పిలగాని కోసం బూర ఊదుడు యాడ చూడలే. గింత మర్యాద మాకెవ్వలు చెయ్యలే" అన్నాడు.

ఇస్రాయేలు వియ్యంకుణ్ని చూశాడు, బూరను చూశాడు. ఒక్క క్షణం ఆలోచించి మీసం దువ్వాడు.

"మా పెద్దల్లుడంటే ఏమనుకున్నవ్ బావా! మా ఇంట్ల తాతల కాలం నుంచి గిదే పద్ధతి. పెద్దల్లుడు ఊదకుంటే పెండ్లే నడవది!"

ఆ మాట కోసం డేవిడ్ ఇన్నాళ్లు ఎదురుచూశాడు. చెవుల నిండా విన్నాడు. సంతోషంతో కళ్లనీళ్లు తిరిగాయి. ఎందుకైనా మంచిదని అబూబకర్ వెనక నుంచి మోచేత్తో పొడిచాడు. డేవిడ్ మళ్లీ ఊదాడు. ఈసారి పెళ్లికొడుకు తండ్రి కూడా చిందేశాడు. నాగేందర్ హాలు సోఫాలో ఈదమ్మ పక్కన కూర్చొని రెండో కూల్‌డ్రింకు తాగాడు.

అప్పటి నుంచి ఆ చుట్టాల్లో ఎవరింట్లో పెళ్లి కుదిరినా పెద్దల్లుడికి పిలుపు తప్పడం లేదు. కాకపోతే ఆ పిలుపు అబూబకర్ దగ్గరి నుంచి వస్తోంది.