హోదాకి తగ్గ రిపేరు

దేశంలోని ఆయుధాలూ, సైనిక వాహనాలూ ఇకమీదట ఇష్టమొచ్చినట్టు చెడిపోవడానికి వీల్లేదనీ, ప్రతి రిపేరుకీ ఒక లెవెల్ నిర్ణయిస్తామనీ 1988లో ఉపమంత్రిగారు ప్రకటించారు. దేశం ఊపిరి పీల్చుకుంది. ఆ మహత్కార్యం ఖరగ్‌పూర్ చుట్టుపక్కల ఒక సాయుధ శిబిరంలో మొదలైంది. శిబిరం పేరు దేశరక్షణ దృష్ట్యా రాయడం లేదు. ఖరిదా బజార్లో వంకాయలమ్మే దీదీని అడిగితే చెబుతుంది.

లెవెళ్ళు నిర్వచించడానికి రైల్వే ఆఫీసు హెడ్ క్లర్కు సోమేశ్వరరావుని డెప్యుటేషన్ మీద పిలిచారు. ఇంజనీర్లు లేక కాదు, ఇంగ్లీషు డ్రాఫ్టు రాసే చెయ్యి కావలసొచ్చింది. స్క్రూడ్రైవరు ఏ వైపు పట్టుకోవాలో తనకి తెలియదని ఆయనే నవ్వుతూ చెప్పుకునేవాడు. అయితే రిటైర్మెంటు దగ్గర పడింది. లెవెళ్ళు ఉపమంత్రిగారికి నచ్చితే ఏడాది ఎక్స్‌టెన్షను ఇస్తామన్నారు.

"అది రాకపోతే క్వార్టరు ఖాళీ చెయ్యాల. ఎక్కడికెళ్తామండీ? ఏటో ఒకటి నిర్వచించేయండి," అంది భార్య శ్యామలాంబ.

నిర్వచించేశాడు. జీవితమంతా రైల్వేలో గడిపిన మనవాళ్ళకి లెవెలంటే ఒకటే అర్థం. క్వార్టరైనా, పాసైనా మనిషి గ్రేడుని బట్టే వస్తుంది. రిపేరు మాత్రం వేరేగా ఎందుకు రావాలి? కాబట్టి ఏం చెడిందని కాదు, ఎవరిది చెడిందని చూడాలి. జవాన్లూ డ్రైవర్లూ వాడేవాటికి మొదటి లెవెల్, అంటే గుడ్డతో తుడవడం. హవల్దారుకైతే తుడిచి నూనె కూడా వేస్తారు. ఇనస్పెక్టరుకి వర్క్‌షాపు. ఆ పైవాళ్ళది నాలుగో లెవెల్, వస్తువు నేరుగా తయారైన ఫ్యాక్టరీకే వెళుతుంది.

మర్నాడే కమాండెంటుగారి జీపు టైరు పంక్చరైంది. జీపుని గూడ్సు వేగనెక్కించి ఎక్కడో ఉన్న ఫ్యాక్టరీకి పంపారు. ఆయన పరేడుకి సైకిలు మీద వచ్చి, "నా హోదా ఇంతుందని నాకే తెలీదు," అని పొంగిపోయాడు.

తరవాత లారీ డ్రైవరు దేముడు వచ్చాడు.

"బాబూ, లారీకి బ్రేకు పట్టడం నేదు."

"నీదే గ్రేడు?"

"డ్రైవర్నండి."

"తుడువు."

"తుడిసినానండి."

"మళ్ళీ తుడువు. అర్హత దాటి అడక్కూడదు."

"ఖాళీ లారీ గనక గేర్లతో ఆపుకొస్తన్నాను బాబూ," అని గొణుక్కుంటూ దేముడు వెళ్ళిపోయాడు. సోమేశ్వరరావుకి బ్రేకంటే బ్రేకే కదా అనిపించింది. కానీ ఒక్క రూలు మారిస్తే డ్రాఫ్టంతా మళ్ళీ టైపు కొట్టించాలి. ఊరుకున్నాడు.

ఉపమంత్రిగారు వచ్చి, తళతళలాడే తుపాకులు చూసి మురిసిపోయారు. అవి పేలతాయా అని అడిగేంత అమర్యాద ఆయనకి లేదు. తిరిగి బయలుదేరబోతే కారు స్టార్టు కాలేదు. బ్యాటరీ వైరు ఊడిందని దేముడు చెయ్యి పెట్టబోయాడు.

"ముట్టుకోకు! మంత్రిగారి కారు నాలుగో లెవెల్!" అని కమాండెంటు గర్జించాడు.

ఉపమంత్రిగారికి కళ్ళు చెమర్చాయి. "ఇంత క్రమశిక్షణా! ఠీక్ హై, జవాన్ల లారీలోనే స్టేషనుకి వెళతాను. రావ్ సాబ్, మీరు నా పక్కన కూర్చోండి."

అది బ్రేకు పట్టని దేముడి లారీయేనని సోమేశ్వరరావుకి తెలుసు. నోరు విప్పితే ఎక్స్‌టెన్షను పోతుంది, లారీ ఎక్కితే తనే పోతాడు. 'ఓరి నా తెలివి మండిపోనూ' అనుకుంటూ ఎక్కాడు. వెనక సెక్యూరిటీ జవాన్లు కిక్కిరిసి ఎక్కారు.

లారీ ఊపందుకుంది. ఉపమంత్రిగారు మోకాలి మీద కాగితం పెట్టుకుని ఎక్స్‌టెన్షను ఆర్డరు మీద సంతకం చేసి, చేతికిచ్చి, "షాబాష్!" అన్నారు. ఎదురుగా లెవెల్ క్రాసింగు గేటు వేసి ఉంది. గూడ్సుబండి కూత వినబడుతోంది.

"బాబూ, బరువు మీదున్నాది. గేర్లకి ఆగడం నేదు," అన్నాడు దేముడు.

సోమేశ్వరరావుకి చప్పున తన రూలే గుర్తొచ్చింది. ప్రాణం లేచొచ్చింది.

"భయం ఏటిరా! మంత్రిగారు ఎక్కినారు కదా. ఈ లారీ ఇప్పుడు నాలుగో లెవెల్. బ్రేకుకి ఫుల్ రిపేరు అర్హత వచ్చేసింది!"

ఆ మాటే ఉపమంత్రిగారికి హిందీలో విన్నవించాడు. ఆయన చప్పట్లు కొట్టారు.

దేముడు రెండు కాళ్ళతోనూ బ్రేకు తొక్కుతూ అన్నాడు: "మంచిదే బాబూ. ఆ ముక్క లారీకి ఎవులు సెప్తారు?"