హెల్మెట్లు క్షేమం!

హెల్మెట్టు తలకి పెట్టుకునే వస్తువని మీకెవరు చెప్పారండీ? అది బీరువాలో పెట్టుకునే వస్తువు! మా తెనాలి శివార్లలో ఉన్న తాపీ పని శిక్షణ కేంద్రానికి వెళ్లొచ్చాక గానీ నాకీ సత్యం బోధపడలేదు.

ఈ మధ్య పేపర్లలో ఒకటే గోల. కట్టుబడి పనుల్లో ప్రమాదాలట, భద్రత కరువైందట! ఆ రాసేవాళ్లు ఒక్కసారి వచ్చి ప్రిన్సిపాల్ సుందరరామయ్యగారి గదిలో బీరువా చూడాలి. అద్దాల తలుపు వెనక పసుపుపచ్చ హెల్మెట్లు, కళ్లజోళ్లు, రబ్బరు గ్లౌజులు, బూట్లు. దేనికీ చిన్న గీతైనా పడలేదు. వచ్చిననాటి ప్లాస్టిక్ కవర్లు కూడా చిరగలేదు. బొమ్మల కొలువు కూడా అంత కళగా ఉండదు.

"ఇవి పనిచేసేవాళ్లకి ఇవ్వరేంటండి?" అని అమాయకంగా అడిగాను.

సుందరరామయ్యగారు నా అజ్ఞానానికి జాలిపడ్డారు. "ఏంటండీ, మీరు కూడా! అట్టపెట్టెల మీద ఏమని రాశారు? భద్రతా పరికరాలు అని. అంటే భద్రపరచమనే గదా! అదీగాక, ఇస్తే రెండ్రోజుల్లో సిమెంటు పూసి తగలేస్తారండి. రేపు ఆఫీసర్లు తనిఖీకొస్తే నేనేం చూపించుకోను?"

ఆయన పూర్వాశ్రమంలో తెలుగు మేష్టారు. అర్థాలు చెప్పడంలో ఆయనకి తిరుగులేదు.

అయినా, అపాయం లేకుండా పని వంటబడుతుందా? వర్క్‌షాపులో సరుగుడు కర్రలతో కట్టిన పరంజా ఒకటుంది. కాలు పెడితే చాలు, అటూ ఇటూ ఊగుతుంది. ఊగుతుంది గనకే ఎక్కినవాళ్లకి పక్కచూపులుండవు, పిచ్చాపాటీ ఉండదు, దైవభక్తి మాత్రం దండిగా పెరుగుతుంది. పిట్టలవానిపాలెం నుంచి వచ్చే ముత్యాలరావు చేరినప్పుడు పచ్చి నాస్తికుడట. ఇప్పుడు సగం ఎక్కేసరికే ముక్కోటి దేవతల్నీ పేరుపేరునా పిలుస్తున్నాడు!

ఇక సిమెంటు మాలు. గ్లౌజుల్లేకుండా కొన్నాళ్లు కలిపితే అరచేతిలో గీతలన్నీ అరిగిపోతాయి. ఎంత అదృష్టం! గీతలే లేకపోతే శని ఏం పట్టుకుని వేలాడతాడండీ? ఇటుకలు కోసేటప్పుడు లేచే దుమ్ము సంగతి సరేసరి. పొడుం డబ్బీ అక్కర్లేకుండా కావలసినన్ని తుమ్ములు ఉచితం!

భట్టిప్రోలు నుంచి రోజూ బస్సులో వచ్చే సరోజిని గురించి కూడా చెప్పాలి. ఏళ్ల తరబడి మేస్త్రీల వెనక ఇటుకల తట్టలు మోసిన మనిషి. "మోసింది చాలు, ఇక గోడ నేనే కడతా" అని చేరింది. బ్యాచ్ మొత్తానికి ఆవిడొక్కతే ఆడమనిషి. పోయిన వారం మాలు కలుపుతుంటే సిమెంటు నీళ్లు చింది ఆవిడ కంట్లో పడ్డాయి. కళ్లజోళ్లతో పాటు మందుల పెట్టె కూడా బీరువాలోనే ఉంది. తాళం సుందరరామయ్యగారి జేబులో ఉంది. సుందరరామయ్యగారు బాపట్లలో ఉన్నారు. సెల్లు కొడితే స్విచ్చాఫ్. పాపం, అక్కడ సభలో కార్మికుల భద్రత మీద ఉపన్యాసం ఇస్తున్నారు మరి!

తోటివాళ్లు బోరింగు దగ్గర కూర్చోబెట్టి, నీళ్లు కొట్టి కొట్టి కన్ను కడిగారు. చూపు దక్కింది. ఇంకోసారి పడితే మాత్రం తానేమీ చెప్పలేనన్నారు డాక్టరుగారు. డాక్టరుగారికి తాపీ పని గురించి ఏం తెలుసు? గోడ వంకర కనిపెట్టడానికి మేస్త్రీ ఎటూ ఒక కన్ను మూసుకునే చూస్తాడు. రెండోది అదనమే గదా!

వర్క్‌షాపు కూడా చూస్తానన్నాను. సుందరరామయ్యగారు వెంటనే బీరువా తాళం తీశారు.

"మీరు అతిథులండి. మీకేమన్నా అయితే మాట మాకొస్తుంది" అంటూ హెల్మెట్టు నా నెత్తిన పెట్టారు. కవరు మాత్రం తియ్యొద్దన్నారు.

ఆ కవరు గరగరలాడుతుండగా, ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లి పరంజా కింద నిలబడ్డాను. పైన సరోజిని వరస పేరుస్తోంది. నెత్తికి పమిట కొంగు చుట్టుకుంది. ఎర్రబడిన కన్ను ఇంకా నీరు కారుతూనే ఉంది. నన్ను చూసి కంగారుగా కేకేసింది.

"బాబాయిగారూ, కాస్త అవతలకి జరగండి! ఇటుక జారిందంటే ఆ హెల్మెట్టు సొట్టపడుద్ది. సారు మమ్మల్ని తిడతారండి!"

శిక్షణంటే అదీ! మెచ్చుకుందామనుకున్నాను గానీ, చేతులు ముందే హెల్మెట్టు తీసేశాయి. కవరు చింపేసి, హెల్మెట్టు పైకి అందించాను. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వద్దండి. దానికేమన్నా అయితే సారు పరీక్షలో తప్పిస్తారు."

"నాదీ పూచీ, పెట్టుకోమ్మా" అన్నాను. పెట్టుకుంది. నా వెనక సుందరరామయ్యగారు గుండె పట్టుకోవడం చూడకుండానే తెలిసింది నాకు.

కాబట్టి, సుందరరామయ్యగారూ, ఇంతసేపూ మిమ్మల్ని పొగిడిన చనువుతో అడుగుతున్నాను. వచ్చే వారమే సరోజినికి పరీక్ష. ఆ లోపల ఒక కళ్లజోడు కూడా ఇప్పించండి. ఆవిడ కట్టిన గోడ వంకరగా ఉంటే నిక్షేపంగా ఫెయిల్ చెయ్యండి, నేను అడ్డురాను. హెల్మెట్టుకి సొట్ట పడిందని మాత్రం చెయ్యకండి. సొట్ట పడిందంటే, అది ఆవిడ తలకి పడలేదని అర్థమండీ!