ఎరుపు రంగు రద్దు

బల్గేరియా దక్షిణ కొండల జిల్లాలోని ఆరోగ్య సమాచార కేంద్రంలో మార్చి ఒకటి నుంచి లోపాలు ఉండరాదని డైరెక్టర్ బల్జియేవ్ గారు ఉత్తర్వు జారీ చేశారు. చేసిన మరుక్షణం అవి లేకుండా పోయాయి.

అక్కడ స్నెజింకా పని గోడమీది పెద్ద తెరను కనిపెట్టుకుని ఉండటం. ఏ సర్వర్ ఆయాసపడుతోందో, ఏ ఊరి ఎక్స్‌రే దారిలో చిక్కుకుందో తెర చెబుతుంది. చేరితే పచ్చ, చేరకపోతే ఎరుపు. రాజధాని నుంచి పెద్దలు తనిఖీకి రానున్న వారంలో తెర నిండా ఎరుపే.

"ఏమ్మా, ఇల్లంటుకున్నట్టుంది! ఏమిటిది?" అన్నారు డైరెక్టర్ గారు.

"సర్వర్‌లో జాగా లేదండీ. కొండమీది ఫైళ్లు సగంలో ఆగిపోతున్నాయి. కొత్త డిస్కులకు మూడుసార్లు రాశాను."

"డిస్కులకు ఆర్నెల్లు. రంగు మార్చడానికో?"

"అయిదు నిమిషాలు."

"మరి ఏది ముందు చెయ్యాలో నేను చెప్పాలా?"

స్నెజింకా మార్చింది. ఆ అయిదు నిమిషాలూ సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి. మార్చి పండగకు అందరూ ముంజేతికి కట్టుకునే ఎరుపు తెలుపు దారానికి మాత్రం, సంప్రదాయం దృష్ట్యా, ఎరుపును రద్దు చేసిన ఆ ఉత్తర్వులో మినహాయింపు దొరికింది.

పెద్దలొచ్చారు. "మహాశయులారా! మా కేంద్రంలో లోపానికి చోటు లేదు!" అని గర్జించారు డైరెక్టర్ గారు. అక్షరాలా నిజం. సర్వర్‌లో దేనికీ చోటు లేదు. చప్పట్లు మోగాయి. జున్ను పొరల బానిత్సాతో, పళ్ల సారా రకియాతో సభ ముగిసింది.

మర్నాడు కొండమీది డాక్టర్ కిరిన్ ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, దుదా పెద్దమ్మ తుంటి విరిగి మూడ్రోజులైంది. మీ సర్జన్ ఎక్స్‌రే చూశాడా లేదా?"

"అందలేదండీ."

"ఇక్కడ పచ్చగా చూపిస్తోందే!"

"ఆ పచ్చ... నేను పూసిందేనండీ."

"పూశావా!" అన్నాడు డాక్టర్. "ఫొటోను డిస్కులో ఎక్కించి మధ్యాహ్నం బస్సు డ్రైవర్‌కివ్వండి. నేను స్టాండులో ఉంటాను" అంది స్నెజింకా. బస్సు ఆగీ ఆగకముందే అందుకుని సర్జన్ దగ్గరికి పరుగెత్తింది. సాయంత్రానికి పెద్దమ్మను కొండ దించారు, ఆపరేషన్ చేశారు. "నడుస్తుంది, కర్ర సాయంతో. మూడ్రోజుల ముందైతే కర్రక్కర్లేదు" అన్నాడు సర్జన్.

స్నెజింకా తిరిగొచ్చి, ఎవరినీ అడక్కుండా, ఎరుపును మళ్లీ వెలిగించింది.

'స్థిరపడిన రంగును అనధికారికంగా కలవరపరిచినందుకు' ఆమెను తెర దగ్గర్నుంచి పాత కాగితాల గదికి మార్చారు. తెర తిరిగి పచ్చబడి, ప్రజల ఉత్సాహార్థం పట్నం కూడలికి చేరింది. ఆపై కేంద్రం సేవల మీద అభిప్రాయ సేకరణ. కొండ ఊళ్లకు పత్రాలు నెట్‌వర్క్ మీదే పంపారు. ఒక్క జవాబూ రాలేదు. మౌనం అర్ధాంగీకారం కనుక, రెండుసార్లు పంపి రెండు మౌనాలు కలిపి పూర్తి అంగీకారంగా నమోదు చేశారు. పట్నంలో నూటికి తొంభై ఎనిమిది మంది 'చాలా సంతృప్తి' అన్నారు.

'చాలా సంతృప్తి' అని రాసిన ఆ పత్రాల్లో ఒకటి, ఇంకా పంపకముందే, స్నెజింకాకు తన ఇంట్లోనే వంటింటి బల్లమీద కనిపించింది.

"అమ్మా! జరిగిందంతా నీకు చెప్పాను కదే!"

"చెప్పావులేవే," అంది తల్లి, పత్రాన్ని కవరులో పెడుతూ. "ఆ తెర చూస్తే కళ్లకు చల్లగా ఉంటుంది. నీ మాట వింటే నిద్ర పట్టదు."